ముక్కుకు అందని ముప్పు: ఇంట్లోని గాలి, నీరు, గోడలను ఎలా పరీక్షించుకోవాలి?

సంక్షిప్తంగా

ఇంట్లో త్వరగా ప్రాణం తీసే ప్రమాదాల్లో చాలావాటికి వాసన ఉండదు. ఏళ్ల తరబడి ఒంట్లో చేరి చెడుపు చేసేవాటికి రుచి కూడా తెలియదు. అందువల్ల వాటిని పట్టుకోవాలంటే మూలం వెతకాలి: ఇంట్లో ఏది మండుతోంది, ఏది దేనితో కలుస్తోంది, నీరు ఎక్కడి నుంచి వస్తోంది, ఏ రంగు పొట్టు రాలుతోంది. తర్వాత చేయాల్సినవాటికీ ఒక వరుస ఉంది. ముందు మూలాన్ని తొలగించాలి, లేదా బయటికి మార్చాలి. ఆ తర్వాత గాలి ఆడే ఏర్పాటు. పరికరం కొనడం చివరి మాట. మార్కెట్ మాత్రం ఈ వరుసను తలకిందులు చేసి, ఎయిర్ ప్యూరిఫయర్‌తోనో ఆర్‌ఓ మిషన్‌తోనో మొదలుపెడుతుంది. గందరగోళంలో సగం అక్కడే పుడుతోంది.

వాసనను ఎందుకు నమ్మకూడదు

వంటగ్యాస్‌కు సొంత వాసన దాదాపు ఉండదు. లీకయితే తెలియాలని ఇథైల్ మెర్కాప్టన్ అనే ఘాటు పదార్థాన్ని అందులో కలుపుతారు. ఆ ఘాటుకు అలవాటుపడిన ముక్కు ‘గ్యాస్ అంటే వాసన వస్తుంది’ అని నమ్మేస్తుంది. అదే గ్యాస్ సరిగా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు మాత్రం ఏ వాసనా ఉండదు. ఎవరూ అందులో ఏదీ కలపరు కూడా.

సెప్టిక్ ట్యాంకులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకో రకంగా మోసం చేస్తుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. గాలిలో పది లక్షల వంతులకు వంద వంతులు, అంటే 100 పీపీఎం దాటే సమయానికి ముక్కులోని గ్రాహక శక్తి మొద్దుబారి, వాసన ఆగిపోయినట్టు అనిపిస్తుంది. ట్యాంకులోకి దిగినవారికి ‘వాసన తగ్గింది, పర్లేదు’ అనిపించే క్షణమే అసలు ప్రమాద క్షణం. చాలాకాలం మూసి ఉంచిన నీళ్ల సంపులో విషవాయువు లేకపోయినా ఆక్సిజన్ తక్కువగా ఉండవచ్చు. పాత బావుల్లోకి దీపం దించి చూసే పద్ధతి ఆక్సిజన్ కొరతను కొంతవరకు చెబుతుంది గానీ హైడ్రోజన్ సల్ఫైడ్‌ను చెప్పదు. పైగా లోపల మీథేన్ ఉంటే అంటుకునే ప్రమాదం ఉంది. ఇలాంటి ఘటనల్లో మొదట దిగిన మనిషితో పాటు అతణ్ని కాపాడబోయి వెంటనే దిగినవారూ చనిపోవడం తరచుగా కనిపిస్తుంది. పైనుంచి తాడు, గాలి యంత్రం, అగ్నిమాపక సిబ్బంది లేకుండా రెండో మనిషి దిగకూడదన్నది అందుకే.

బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్: లెక్క ఎక్కడ తప్పుతుంది

ఇంటి ప్రమాదాల్లో దీన్ని మొదట చెప్పుకోవాలి. కారణం, మిగతావాటిలో చాలావి రోజులో, ఏళ్లో తీసుకుంటే ఇది పది పదిహేను నిమిషాల్లో మనిషిని పడేస్తుంది.

నిమిషానికి 6 లీటర్ల నీటిని 25 డిగ్రీల మేర వేడెక్కించడానికి సుమారు పదిన్నర కిలోవాట్ల వేడి కావాలి. వృథా అయ్యే వేడినీ కలుపుకుంటే గీజర్ గంటకు కిలోకు అటూ ఇటుగా గ్యాస్ తాగుతుంది. కిలో ఎల్పీజీ పూర్తిగా మండడానికి 12 ఘనపు మీటర్లకు పైగా గాలి కావాలి. పావుగంట స్నానానికి దాదాపు మూడు ఘనపు మీటర్ల గాలి ఖర్చవుతుందన్నమాట. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న బాత్‌రూమ్‌లో మొత్తం గాలి ఎనిమిది ఘనపు మీటర్లే. కిటికీ, తలుపు మూసి ఉంటే దాదాపు మూడో వంతు గాలిలోని ఆక్సిజన్‌ను మంటే వాడేస్తుంది.

గాలిలో 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట తీరు మారుతుంది. కార్బన్ పూర్తిగా మండి కార్బన్ డయాక్సైడ్‌గా మారాల్సింది సగంలో ఆగి మోనాక్సైడ్‌గా మిగులుతుంది. బర్నర్‌లో దుమ్ము, సాలెగూడు, మసి ఉంటే ఇది మరింత ముందే మొదలవుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే కార్బన్ మోనాక్సైడ్‌ను 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కాబట్టి గాలిలో కొద్దిపాటి మోనాక్సైడ్ చాలు, ఒంటికి ఆక్సిజన్ అందకుండా పోతుంది. మొదట తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం. ఆ తర్వాత కాళ్లలో పట్టు పోతుంది. తలుపు తెరవాలని తెలిసినా గడియ దాకా చేరలేని స్థితి అదే. కొందరికి ఫిట్స్ వస్తాయి. పాత జబ్బు ఏదీ లేకుండా స్నానాల గదిలో ఫిట్స్ వచ్చి పడిపోయినవారిని చూసి, మన దేశంలో నరాల వైద్యులు దీనికి ‘గ్యాస్ గీజర్ సిండ్రోమ్’ అని పేరు కూడా పెట్టారు.

పసుపు మంట కనిపిస్తే, గీజర్ పైభాగంలో మసి పడితే బర్నర్ సరిగా మండట్లేదని అర్థం. మంట నీలంగా ఉందంటే అంతా క్షేమమని మాత్రం కాదు. స్నానం మొదట్లో నీలంగా ఉన్న మంట పది నిమిషాల తర్వాత, తలుపు మూసి ఉన్నప్పుడు ఎలా మారిందో ఎవరూ తొంగి చూడరు.

శాశ్వత పరిష్కారం ఒకటే. గీజర్‌ను బాల్కనీలోనో గాలి ధారాళంగా ఆడే వాష్ ఏరియాలోనో బిగించి, వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి తేవాలి. ప్లంబర్ కూలీ, పైపు ఖర్చు తప్ప ఇందులో పెద్ద భారం లేదు. అద్దె ఇంట్లో అది కుదరకపోతే తలుపు తెరిచే బకెట్ నింపుకోవాలి. గీజర్ ఆపేసి, కొద్ది నిమిషాలు గాలి ఆడనిచ్చి, అప్పుడు తలుపు వేసుకుని స్నానం చేయాలి. షవర్ సుఖం పోతుంది గానీ స్నానం సాగినంతసేపు మంట మండే పరిస్థితి తప్పుతుంది.

ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టాం కదా అనేది తరచుగా వినిపించే సమాధానం. ఫ్యాను గాలిని బయటికి తోయాలంటే అంత గాలీ లోపలికి రావాలి. తలుపు కింద సందు లేకుండా, కిటికీ మూసి ఫ్యాను వేస్తే గదిలో పీడనం పడిపోతుంది. పొగ గొట్టం ఉన్న గీజర్లలో పైకి పోవాల్సిన పొగను అది వెనక్కి లాగగలదు కూడా. తలుపు అడుగున జాలీ, గోడ పైన ఎప్పుడూ తెరిచి ఉండే వెంటిలేటర్, ఈ రెండూ ఉన్నప్పుడే ఫ్యాను ఉపయోగపడుతుంది.

పడిపోయిన మనిషి కనిపిస్తే గ్యాస్ ఆపి, బయటి గాలిలోకి లాగి, 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో ‘గీజర్ వేసుకుని స్నానం చేస్తుండగా’ అన్న మాట తప్పక చెప్పాలి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ ఉన్నదిగానే చూస్తుంది. 98 శాతం చూపించినా మనిషి ప్రమాదంలో ఉండవచ్చు. మామూలు గాలిలో రక్తంలోని మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది.

బాలింత గదిలో కుంపటి

పొగ రాకపోతే ప్రమాదం లేదన్న నమ్మకం బొగ్గుల కుంపటి విషయంలో మరీ ఎక్కువ. తలుపులు, కిటికీలు మూసిన బాలింత గదిలో నిప్పుల కుంపటి పెట్టడం, బిడ్డకు తలంటి సాంబ్రాణి పొగ వేయడం ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. కణకణలాడే బొగ్గుకు పొగ ఉండదు. మోనాక్సైడ్ మాత్రం మంట కంటే నిప్పుల్లోనే ఎక్కువగా పుడుతుంది. నెలల పసికందు రక్తంలో ఇంకా మిగిలి ఉండే గర్భస్థ హిమోగ్లోబిన్‌కు ఆ వాయువుపై పట్టు మరీ ఎక్కువ. బిడ్డకు వెచ్చదనం కావాలంటే బట్ట, టోపీ, తల్లి ఒంటి వేడి చాలు. సాంబ్రాణి వేయక తప్పదనుకునే ఇంట్లో కనీసం కుంపటిని వరండాలో ఉంచి, బిడ్డను గదిలోనే ఉంచడం మేలు.

గ్యాస్ లీకయినప్పుడు

ఎల్పీజీ గాలి కంటే దాదాపు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. నేలను అంటిపెట్టుకుని, స్టవ్ గట్టు కింద, మెట్ల దిగువన పోగవుతుంది. గాలిలో సుమారు 2 శాతం చేరితే చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. లీకు వాసన రాగానే చాలామంది చేసే మొదటి పని ఎగ్జాస్ట్ ఫ్యాను వేయడం. ఆ స్విచ్చిలోని నిప్పురవ్వే చాలు. ఏ స్విచ్చినీ వేయకూడదు, ఆర్పకూడదు. రెగ్యులేటర్ ఆపి, తలుపులు తెరిచి, బయటికి వచ్చాక 1906కు ఫోన్ చేయాలి. రబ్బరు పైపుపై ముద్రించిన సంవత్సరం చూసి అయిదేళ్లకోసారి మార్చాలి. సిలిండర్ మెడ దగ్గరి పట్టీపై ఏ, బీ, సీ, డీ అక్షరంతో పాటు ఉండే రెండంకెలు తదుపరి పరీక్ష గడువు. ఏ అంటే జనవరి నుంచి మార్చి దాకా, డీ అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. గడువు దాటిన సిలిండర్‌ను డెలివరీ సమయంలోనే తిరిగి పంపవచ్చు.

యాసిడ్, బ్లీచింగ్ పౌడర్: విడివిడిగా మందు, కలిస్తే విషం

మరుగుదొడ్డి కడగడానికి ఇంట్లో ఉండేవి రెండు: యాసిడ్, బ్లీచింగ్ పౌడర్. ‘రెండూ కలిపితే ఇంకా బాగా పోతుంది’ అన్న తర్కం సహజమే. రసాయనశాస్త్రం దానికి ఒప్పుకోదు. టాయిలెట్ క్లీనర్లలో ఉండేది సుమారు 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం. వీధుల్లో సీసాల్లో విడిగా అమ్మేది అంతకన్నా గాఢం. బ్లీచింగ్ పౌడర్‌లోని హైపోక్లోరైట్ దీనికి తగలగానే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అది గాలి కంటే రెండున్నర రెట్లు బరువు కాబట్టి కిందనే ఉంటుంది. ఇండియన్ కమోడ్‌పై వంగి రుద్దే మనిషి ముఖం ఉండేదీ అక్కడే.

ఇక్కడ వాసన ఘాటుగానే వస్తుంది. అయినా పని పూర్తిచేద్దామని దగ్గుతూనే రుద్దేవారున్నారు. క్లోరిన్ ఊపిరితిత్తుల్లోని తేమతో కలిసి ఆమ్లాలుగా మారుతుంది. అప్పటికి దగ్గు తగ్గినట్టున్నా, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంటుంది. ఆయాసం, ఛాతీలో బిగుతు ఉంటే ఆ రాత్రి ఇంట్లో వేచి చూడడం సరికాదు. పొరపాటున కలిసిపోతే విరుగుడుగా మరో రసాయనం పోయకూడదు. తలుపు తెరిచి బయటికి రావాలి, ఘాటు పోయాక దూరం నుంచి ఎక్కువ నీళ్లు కొట్టాలి. ఒకటి వాడి, బాగా నీళ్లు పోసి, మరో రోజు రెండోది వాడడమే పద్ధతి. బ్లీచింగ్‌ను అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్లతో కలిపినా క్లోరమైన్ అనే విషవాయువు పుడుతుంది. యాసిడ్‌ను, కిరోసిన్‌ను కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టడం పిల్లలున్న ఇంట్లో మరో పెద్ద ప్రమాదం.

నీళ్లు: టీడీఎస్ మీటరు చెప్పేది, చెప్పనిది

తాగునీటి విషయంలో గందరగోళానికి ఒక చిన్న మీటరే చాలావరకు కారణం. టీడీఎస్ మీటరు కొలిచేది నీటిలో కరెంటు ఎంత పారుతోందన్నది. దాన్నిబట్టి కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కడుతుంది. ఆ లవణాల్లో ఏది ఎంతో చెప్పదు. బ్యాక్టీరియా ఉందో లేదో అసలే చెప్పదు. 200 టీడీఎస్ ఉన్న నీటిలో మురుగు కలిసి ఉండవచ్చు. 700 ఉన్న బోరు నీరు కాస్త ఉప్పగా ఉన్నా హాని లేనిదై ఉండవచ్చు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు మేలు, వేరే నీరు దొరకనప్పుడు 2000 వరకు అనుమతి.

ఇంటింటికీ తిరిగే అమ్మకందారులు చేసే ప్రదర్శన ఒకటుంది. రెండు గ్లాసుల్లో కుళాయి నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు పోసి కరెంటు కడ్డీలు ముంచుతారు. కుళాయి నీళ్లు నిమిషంలో గోధుమ రంగు బురదగా మారతాయి. ఆర్‌ఓ నీళ్లు తేటగా ఉంటాయి. ఆ బురద నీటిలోంచి వచ్చింది కాదు, కడ్డీలోని ఇనుము కరిగి తుప్పుగా మారింది. లవణాలున్న నీటిలో కరెంటు పారుతుంది కాబట్టి కడ్డీ కరుగుతుంది, లవణాలు లేని నీటిలో పారదు కాబట్టి కరగదు. ఆర్‌ఓ నీళ్లలోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ చేసి చూపమంటే అదే బురద వస్తుంది.

తెలుగు నేలపై బోరు నీటికి అసలు పరీక్ష ఫ్లోరైడ్. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌పై, అంటే ఫ్లోరైడ్ వల్ల పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బుపై, తొలి వైద్య నివేదిక 1937లోనే వెలువడింది. అప్పట్లో ఆ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ తర్వాత నల్గొండ పేరు ఈ జబ్బుకు మారుపేరైంది. గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ లోతు నీటిలోకి కరిగి చేరుతుంది. పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రాము, మరో దారి లేనప్పుడు 1.5. అంతకు మించి ఏళ్ల తరబడి తాగితే ముందు పిల్లల పళ్లపై గార, మచ్చలు. తర్వాత కీళ్లు బిగుసుకోవడం, ఎముకలు వంగడం. రంగు లేదు, రుచి లేదు. మరగబెడితే పోదు, నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. యూవీ ఫిల్టరు, క్యాండిల్ ఫిల్టరు దీన్ని తాకలేవు. పటిక ముక్క తిప్పితే బురద దిగుతుంది తప్ప ఆ మోతాదుకు ఫ్లోరైడ్ కదలదు. నాగ్‌పూర్‌లోని ‘నీరీ’ సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటికతో పాటు సున్నం లెక్క ప్రకారం కలిపి, తిప్పి, తేర్చి వడకడతారు. ఇళ్లలో అయితే ఆర్‌ఓ, లేదా యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టరు పనిచేస్తాయి. అల్యూమినాకు పట్టే శక్తి కొన్నాళ్లకు అయిపోతుంది. మళ్లీ రసాయనంతో శుద్ధి చేయకపోతే ఫిల్టరు గోడకు వేలాడే అలంకారమే.

గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలల్లో నామమాత్రపు రుసుముతో పరీక్ష చేయించుకోవచ్చు. ఫ్లోరైడ్‌కు శుభ్రమైన ప్లాస్టిక్ సీసా వాడాలి, గాజు వద్దు. బోరును అయిదు నిమిషాలు వదిలాక నీళ్లు పట్టాలి. బ్యాక్టీరియా పరీక్షకు ల్యాబు ఇచ్చే శుద్ధి చేసిన సీసాలోనే పట్టి, ఐస్‌లో పెట్టి, అదే రోజు చేర్చాలి. బోరుకు ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ తర్వాతా, పరీక్ష చేయిస్తే తేడా తెలుస్తుంది.

మున్సిపల్ నీటి సమస్య పూర్తిగా వేరు. రోజుకో గంట నీళ్లొచ్చే పైపులో మిగతా సమయం పీడనం ఉండదు. పగులు పక్కన మురుగు కాలువ ఉంటే ఆ మురుగు పైపులోకి ఊరుతుంది. నల్లాకు నేరుగా మోటారు బిగించి లాగే ఇళ్లు ఈ పరిస్థితిని మరింత దిగజారుస్తాయి. మోటారు చూషణ వీధి పైపు మొత్తానికీ పాకి, పక్కింటి పగులు నుంచీ మురుగును తోడుతుంది. మొదటి కొద్ది నిమిషాల నీటిని వదిలేయడం, కుళాయి దగ్గర క్లోరిన్ చూసుకోవడం చేతిలో ఉన్న పనులు. కొద్ది నీటిలో కొన్ని చుక్కల ఆర్థోటోలిడిన్ (క్లోరిన్‌ను రంగుతో చూపే ద్రావణం) వేస్తే లేత పసుపు రంగు రావాలి. మిగిలి ఉండాల్సిన క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు. రంగే రాకపోతే ఆ నీటిని మరిగించాల్సిందే. ఇక్కడ అవసరమైనది క్లోరినో యూవీనో మరిగించడమో. ఆర్‌ఓ కాదు. టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్‌ఓ వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో చెప్పింది కూడా ఇందుకే. లీటరు నీటికి రెండు మూడు లీటర్లు మోరీలోకి పోతాయి, ప్రయోజనం మాత్రం ఉండదు.

గడప మీది పసుపు రంగు

పసుపు రాసే ఓపిక లేక గడపకు పసుపు ఎనామిల్ వేయడం మామూలైంది. దానిపై ఎర్ర ఎనామిల్ బొట్లు. ఎనామిల్ రంగుల్లో ముదురు పసుపు, నారింజ, ఎరుపు ఛాయల కోసం ఏళ్ల తరబడి వాడింది లెడ్ క్రోమేట్, అంటే సీసం ఉన్న రసాయనం. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న కేంద్ర నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన గడపలు, కిటికీ ఊచలు, గేట్లు, ఉయ్యాల బల్లలు అలాగే ఉన్నాయి. కొత్తగా కొనే డబ్బాపై సీసం పరిమితి గురించి ముద్రించి ఉందో లేదో చూడాలి. ఆ ముద్ర లేని చవక డబ్బా మిగిల్చేది కొద్ది రూపాయలే.

రంగు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ముప్పు తక్కువ. తొక్కిడికి, రాపిడికి, ఎండకు పొట్టు రాలినప్పుడే మొదలు. గడప దాటి పాకే పిల్లల చేతులకు ఆ ధూళి అంటి నోట్లోకి పోతుంది. పెద్దల కంటే పిల్లల పేగులు సీసాన్ని ఎన్నో రెట్లు ఎక్కువగా పీల్చుకుంటాయి. హాని చేయని స్థాయి అంటూ సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. నష్టం మెదడు ఎదుగుదలకు. ఏకాగ్రత, చదువు దగ్గర బయటపడే నష్టమిది, జ్వరంలా కనిపించదు. అనుమానముంటే మూడు నాలుగేళ్ల లోపు పిల్లలకు నరం నుంచి రక్తం తీసి చేసే సీసం పరీక్ష అడగాలి.

పండగ ముందు రంగులు వేయించేటప్పుడే ఎక్కువ పొరపాటు జరుగుతుంది. పాత రంగును పొడిగా ఎమిరీ పేపరుతో గీకడం, బ్లోలాంప్‌తో కాల్చడం వల్ల ఏళ్లుగా గోడకున్న సీసం ఒక్క పూటలో ఇల్లంతా పరుచుకుంటుంది. పిల్లలను, గర్భిణులను ఆ రెండు మూడు రోజులు వేరే ఇంటికి పంపాలి. నేలపై పాలిథిన్ పరచి, రంగు మీద నీళ్లు చల్లుతూ వాటర్ పేపరుతో రుద్ది, బురదను గుడ్డతో ఎత్తి, పాలిథిన్‌తో సహా చుట్టి పారేయాలి. చీపురు వాడకూడదు, తడిగుడ్డతో రెండుసార్లు తుడవాలి. రాలని రంగును అసలు గీకకుండా పైన కొత్త పూత వేయడం చాలాసార్లు మెరుగైన దారి.

సిమెంటు రేకులు

సిమెంటు రేకుల్లో సిమెంటును పట్టి ఉంచేది ఆస్‌బెస్టాస్ పోగు. అరవైకి పైగా దేశాలు దీన్ని నిషేధించాయి. భారత్‌లో రేకుల తయారీకి దిగుమతి కొనసాగుతోంది. పైకప్పుగా కదలకుండా ఉన్న గట్టి రేకు నుంచి పోగులు పెద్దగా ఊడవు. రేకును కటింగ్ మిషన్‌తో కోసినప్పుడు, డ్రిల్లుతో రంధ్రం వేసినప్పుడు, విరిగిన ముక్కలను పొడిగా ఊడ్చినప్పుడు కంటికి కనిపించని పోగులు గాలిలో లేస్తాయి. ఊపిరితిత్తులకు చేరినవి అక్కడే ఉండిపోతాయి. క్యాన్సర్‌గా బయటపడడానికి ఇరవై, నలభై ఏళ్లు పడుతుంది. అంతకాలం తర్వాత ఆ రేకు కోసిన రోజు ఎవరికి గుర్తుంటుంది?

కోయక తప్పకపోతే రేకును బాగా తడిపి, ఆరుబయట, చేతి రంపంతో కోయాలి. ఎఫ్‌ఎఫ్‌పీ3 లేదా పీ100 రకం మాస్కు తప్పనిసరి, మూతికి కట్టుకునే తువ్వాలు పోగులను ఆపదు. పైకప్పుపై పాచిని వైరు బ్రష్‌తో గీకకూడదు. విరిగిన ముక్కలను పొయ్యి గట్టుకో, వాకిట్లో గుంత పూడ్చడానికో వాడే అలవాటు మానాలి. ఆ పని దుస్తులను ఇంట్లో దులపకుండా విడిగా తడిపి ఉతకాలి.

చెమ్మ: తడి ఎటు నుంచి వస్తోంది

చెమ్మ గోడకు రంగు వేసి కప్పేయడం కళ్లకు తృప్తినిస్తుంది, గోడకు కాదు. ముందు తడి మూలం తేల్చాలి. అరచేతి వెడల్పు నాలుగింతలుండే పాలిథిన్ ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి రెండు రోజులు ఉంచాలి. లోపలి వైపు, అంటే గోడకు ఆనిన వైపు, నీటి బొట్లు పడితే తడి గోడలోంచి వస్తోంది. గదివైపు బొట్లుంటే అది గదిలోని ఆవిరి. మొదటిదానికి పైపు లీకు, డాబా పగులు, పునాది నుంచి పైకి పాకే తడి కారణాలు. నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తులో సమంగా గీత గీసినట్టు ఉప్పు పొంగితే అది పునాది తడి. బాత్‌రూమ్ వెనక గోడ మీద మచ్చలా ఉంటే పైపే. రెండోదానికి గాలి, ఎండ చాలు.

వరదల తర్వాత లెక్క మారుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. తడిసిన వస్తువు ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. పరుపు, దిండు, ప్లైవుడ్ బీరువా లాంటివి లోపలిదాకా ఆరవు. వాటిపై మమకారం వదులుకోవాల్సిందే. గోడలకు బురద కడిగి, ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాలి. సిమెంటు పూత లోపలిదాకా ఆరడానికి వారాలు పడుతుంది. అంతకుముందే పుట్టీ పెడితే మళ్లీ ఊడుతుంది. బూజును పొడిగా దులిపితే బీజాలు గదంతా ఎగురుతాయి. సబ్బునీళ్లతో తడిపి తుడవాలి. ఆస్తమా ఉన్నవారు ఆ పని చేయకూడదు.

దోమల చుట్ట, కలరా ఉండలు, బియ్యం మాత్రలు

ఒక దోమల చుట్ట పూర్తిగా కాలితే వెలువడే సూక్ష్మధూళి 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. తలుపులేసిన ఏసీ గదిలో రాత్రంతా అది ఊపిరిలోకే. దోమతెర, కిటికీ జాలీ దీనికి సమాధానం. ఏ ద్రవమో అగరొత్తో కొనాల్సి వస్తే దానిపై కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరుందో లేదో చూడాలి.

బీరువాలో వేసే కలరా ఉండలు నాఫ్తలిన్. జి6పీడీ అనే ఎంజైము తక్కువగా పుట్టిన పిల్లలకు వాటి ఆవిరి తగిలినా ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు రావచ్చు. కలరా ఉండలు వేసి దాచిన పాత బట్టలను, ఉయ్యాల చీరలను నేరుగా పసిబిడ్డకు చుట్టకూడదు. ఉతికి, ఎండలో ఆరేసి వాడాలి.

ధాన్యంలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్ర గాలిలోని తేమకే ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. మూడు గ్రాముల మాత్ర నుంచి గ్రాము ఫాస్ఫీన్ వస్తుంది. ఇది గోదాములకు, శిక్షణ పొందినవారికి ఉద్దేశించినది. పడకగది పక్కన బియ్యం డబ్బాలో, నల్లుల కోసం మంచం కింద పెట్టేది కాదు. అపార్టుమెంట్లలో గోడ సందుల గుండా పక్క ఫ్లాటుకూ పాకగలదు. ఇంటి బియ్యానికి ఎండబెట్టడం, వేపాకు, మూత బిగువైన డబ్బా చాలు.

ఏ పరికరం దేన్ని పడుతుంది

హెపా ఫిల్టరున్న ఎయిర్ ప్యూరిఫయర్ ధూళిని పడుతుంది. మోనాక్సైడ్‌ను, క్లోరిన్‌ను, ఫాస్ఫీన్‌ను పట్టదు. ఎన్-95 మాస్కూ అంతే, అణువుల రూపంలో ఉండే వాయువు దాని గుండా పోతుంది. వంటగదిలో పెట్టే గ్యాస్ లీకు అలారం ఎల్పీజీకే మోగుతుంది, మోనాక్సైడ్‌కు మోగదు. ఎల్పీజీ బరువు కాబట్టి ఆ అలారం నేలకు అడుగు ఎత్తులో ఉండాలి. మోనాక్సైడ్ గాలితో దాదాపు సమాన బరువు కాబట్టి దాని అలారాన్ని మనిషి ఊపిరి పీల్చే ఎత్తులో, పడకగదికి దగ్గరగా పెట్టాలి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 50291 ప్రకారం 300 పీపీఎం వద్ద మూడు నిమిషాల లోపు అది మోగాలి. ఆ ప్రమాణం ముద్రించి లేనిది కొనడం వృథా. సెన్సరు ఆయుష్షు సాధారణంగా అయిదు నుంచి పదేళ్లు. వెనకవైపు ముద్రించిన గడువు తేదీ దాటాక ‘టెస్ట్’ బటన్ నొక్కితే మోగవచ్చు. ఆ బటన్ పరీక్షించేది బ్యాటరీని, బజర్‌ను మాత్రమే, సెన్సరును కాదు.